బాతుగుడ్ల కేకు కోసం హనుమాన్ జంక్షన్ దాకా

మా తాత కాలవ బంగళాలో దొరలకు వంట చేసేవాడు. అక్కడ నేర్చుకున్న కేకు ఆయన తర్వాత మా మేనత్త చేతికొచ్చింది. పదేళ్ళ క్రితం నేను బెజవాడ బేకరీలో ఒక కేకు కొని, రేకు డబ్బాలోకి మార్చి, తాత కేకు నేనే చేశానని ఆమెకు తినిపించాను. "అచ్చం మా నాన్న చేతిదేరా" అని అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. అప్పుడు బేకరీ అట్టపెట్టె తీసి చుట్టాలందరికీ చూపించి నవ్వాను. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ కేకు జోలికి పోలేదు. తాత రాసిన కాగితం చూసి నేను రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఇటుకలే వచ్చాయి. ఆమెకు డెబ్బై దాటాయి. ఇక ఆలస్యం చేస్తే ఆ కేకు ఆమెతోనే పోతుందనిపించి, మొన్న డిసెంబరులో బయల్దేరాను.

మైలవరంలో ఆరింటికి బస్సెక్కితే ఏడున్నరకు బెజవాడ. అక్కడ ఏలూరు బస్సు పట్టుకుంటే గంటంబావుకు హనుమాన్ జంక్షన్. రెండు టిక్కెట్లూ కలిపి వంద రూపాయల దాకా అవుతుంది. అక్కడి నుంచి అత్తయ్య ఊరికి షేర్ ఆటోలో పది రూపాయలు. ఒళ్ళో మైదా డబ్బా చూసి "ఏంటండీ అందులో?" అన్నాడు డ్రైవరు. "పాముపిల్లండీ, మూత కాస్త వదులు" అన్నాను. ఊరొచ్చేదాకా గుంట కనబడితే చాలు, బండి నెమ్మదిగా పోనిచ్చాడు.

అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది.

"తాత కేకు నేర్పవా అత్తయ్యా?"

"ఏం, బెజవాడలో బేకరీలు మూసేశారా?"

"నాకు చేతకావడం లేదు. రెండుసార్లూ ఇటుకలొచ్చాయి."

"నాకు రుచి తెలీదని నలుగురిలో చూపించావుగా. తెలిసినవాళ్ళనే అడుగు."

"నేను తాత కేకని చెప్పాను గనక నమ్మావు. తప్పు నాది, నీ నాలుకది కాదు."

ఆమె నా సంచీ దగ్గరకు లాక్కుంది. లోపలికి చూసింది. "కోడిగుడ్లా? ఇటుకలు రాక ఏమొస్తాయి? మీ తాత వాడింది బాతుగుడ్లు. అప్పట్లో ఈ చుట్టుపక్కల గుడ్డంటే అదే, అందుకే విడిగా రాయలేదు."

కోసిన వరిచేలో బాతులు మేపుతున్న ఆయన దగ్గర నాలుగు గుడ్లు కొన్నాను. వెన్నా పంచదారా ముప్పావుగంట గిలకొట్టించింది. "చెయ్యి నొప్పా? నోటికి మాత్రం ఎప్పుడూ నొప్పి రాదే" అంది. అడుగున ఇసుక పోసి పొయ్యి మీద పెట్టిన గుండిగలో కలిపిన పిండి గిన్నె దించి, మూత మీద నిప్పులేసి గంట ఉంచాం.

మొదటి ముక్క తను తినకుండా నాకిచ్చింది. "నువ్వే చెప్పు. ఈసారి ఆటలాడకు."

"అడుగు మాడిందత్తయ్యా."

"ఇంకా?"

"పైదంతా తాత చేసినట్టే ఉంది."

అప్పుడు తను కొంచెం తుంచుకుని నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. "కాదు. పంచదార ఒక గుప్పెడు తగ్గింది" అంది.

తిరుగు బస్సులో ఆ మాటే తలుచుకున్నాను. ఆమె నాలుక మళ్ళీ తప్పులు పట్టుకుంటోంది. వేళాకోళాలు మానేస్తానని చెప్పను, ఈ వయసులో నాకది చేతకాదు. అన్నం పెట్టే మనిషి రుచి మీద మాత్రం ఇక చేయను. మీరూ ఇలాంటి పనికి వెళ్తుంటే కొలతలు రాసుకుని ఊరుకోకండి. వాళ్ళు కొలిచే గ్లాసునీ వాడే గుడ్డునీ చేత్తో పట్టుకుని చూసి రండి.