రాయి, వేరు, గుంత

హారన్ గారు ఆఖరుగా చేసిన మామూలు పని, గ్యాస్ సిలిండరు మోసుకొచ్చిన మనిషికి "గడప" అని చెప్పడం. ఆ మనిషి ఆ ఇంటికి ఏళ్ళ తరబడి సిలిండరు వేస్తున్నాడు. గడప ఎక్కడుందో హారన్ గారి కంటే అతనికే బాగా తెలుసు.

"తెలుసు సార్" అన్నాడు ఎప్పటిలాగే.

"తెలుసుననుకునే తగిలించుకుంటారయ్యా" అన్నారు హారన్ గారు, అదీ ఎప్పటిలాగే. తర్వాత భోంచేసి, కాస్త నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. లోకంలో ఉన్న ప్రతి ఎత్తుపల్లం గురించీ అందరినీ ముందే హెచ్చరించిన మనిషి, ఆ ఒక్కదాని గురించి మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఆయనకున్న జబ్బల్లా అదే. కళ్ళ ముందు ఏది కనిపించినా వెనకవాళ్ళకు అరిచి చెప్పాలి. హారన్ అన్న పేరు అలా వచ్చిందే. స్నేహితులు పెట్టారు, "గారు" మాత్రం ఆయన వయసు చూసి తర్వాత కలిపారు.

కొండ దారుల్లో సైకిళ్ళు తొక్కేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. దారి ఒక్క సైకిలు పట్టేంత ఇరుకు. వెనకవాడికి ముందువాడి వీపు తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని ముందువాడు "రాయి" అనో "వేరు" అనో ఒక కేక వేస్తాడు. మిగతావాళ్ళు మనిషి బోర్లా పడేంత రాయి అయితేనే నోరు తెరుస్తారు. హారన్ గారు చెప్పులో దూరే రాయికి కూడా తెరిచేవారు. రాయి, వేరు, గుంత, ఎడమకి కొమ్మ, కుడికి బురద, మళ్ళీ రాయి. కొండ దిగేలోపు ఆయన చెప్పనిదంటూ ఉంటే అది చెట్టు మీదున్న పిట్ట ఒక్కటే. అది కూడా కిందికి ఎగిరితే చెప్పేవారు.

పోనీ కొండ మీదే వదిలేసి వచ్చేవారా అంటే అదీ లేదు. ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. లోపలికొచ్చే ప్రతి మనిషికీ "మెట్టు" అని, బల్ల ఎక్కబోతుంటే "చల్లగా ఉంటుంది" అని, దిగబోతుంటే "చెప్పులు అటుపక్క" అని వరసగా చెప్పేవారు. కాలు విరిగి చక్రాల కుర్చీలో వచ్చిన ఒక పెద్దాయన "ఇవన్నీ నిన్న చెబితే బాగుండేది బాబూ" అన్నాడట.

ఆయన భార్య లైబ్రేరియన్. నిశ్శబ్దం ఆమె ఉద్యోగం. ఒక సాయంత్రం ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చిన హారన్ గారు, పుస్తకంలో తల దూర్చి నడిచొస్తున్న ఒక పాఠకుడిని చూసి "స్టూలు" అని ఒక్క కేక వేశారు. ఆ మనిషి స్టూలు తప్పించుకున్నాడు గానీ, కేకకు అదిరిపడి పుస్తకాల బీరువాను గుద్దుకున్నాడు.

"ఏవండీ, ఇది లైబ్రరీ" అంది ఆమె పళ్ళ బిగువున.

"అందుకే ఒక్కసారే చెప్పాను."

పెళ్ళయిన కొత్తలో ఆయన ఇలా ఉండేవారు కాదు. అడిగినదానికి కూడా తల ఊపి ఊరుకునే రకం. వయసు మీద పడేకొద్దీ ఒకరికి పొట్ట వస్తుంది, ఒకరికి బట్టతల వస్తుంది, మా ఆయనకు అరుపు వచ్చింది అనుకుని ఆమె సరిపెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే వాళ్ళ బృందమంతా కొండ ఎక్కి, దిగి, నేరుగా బేకరీ వెనక పెరట్లోకి వచ్చి చేరేవారు. బేకరీ నడిపే ఆవిడను ఆమె వదినా అని పిలిచేది. ఆవిడ భర్త లెక్కల మాస్టారు, హారన్ గారికి బావ. వీళ్ళెవరికీ ఎక్కడా చుట్టరికం లేదు. ఒకే బురదలో పడి లేచిన పరిచయం. పెరట్లో పిండి బస్తాల మీద కూర్చుని, మోకాళ్ళ మీద మట్టి ఆరుతుండగా, పొయ్యిలోంచి అప్పుడే తీసిన బన్నులు తింటూ ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకోవడం ఆ పొద్దుటి కార్యక్రమం. అందులో సింహభాగం హారన్ గారిదే.

"వేడి" అనేవారు ఆయన, వదిన టీ అందిస్తుంటే.

"బావా, టీ వేడిగా ఉంటుందని మాకు ఈ జన్మలో తెలిసేది కాదు సుమా" అనేవారు మాస్టారు. హారన్ గారిని ఆట పట్టించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. "వీడి వెనకాల తొక్కడమంటే రేడియోని నెత్తిన పెట్టుకుని తొక్కడమే. కట్టేద్దామంటే మీట దొరకదు."

"మరి ఎప్పుడూ ఆయన వెనకే ఎందుకు తొక్కుతారన్నయ్యా?" అని ఆమె అడిగేది.

"గాలి కొట్టదని. వీడి వీపు వెడల్పు."

అంతలో బృందంలోనే ఉన్న పళ్ళ డాక్టరు తన మోకాలి నొప్పి కథ మొదలెట్టడానికి ఎవరినో వెతుక్కుంటూ వచ్చేవాడు. "ఎడమవైపు నుంచి మోకాలు" అని హారన్ గారు మెల్లగా అనేవారు. అందరూ కుడివైపుకు సర్దుకునేవారు. ఆ ఒక్క హెచ్చరికకు మాత్రం అందరూ కృతజ్ఞులే.

బృందంలో అందరికంటే వేగంగా దిగేది ఆమె. ఆ సంగతి ఆమెకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలిసేలా చేసేది. "నేను కిందికి దిగి నీళ్ళు తాగి మూత పెట్టేసరికి ఈయన వస్తారు" అనేది. నిజమే, హారన్ గారు సరిగ్గా మూత పెట్టే సమయానికే వచ్చేవారు. వెనకే మాస్టారు.

ఆమెకు ఉన్న కోరికల్లా ఏడాదికోసారి జరిగే జంటల పందెంలో కప్పు గెలవడం. పెద్ద కప్పేమీ కాదు, పట్టుమని ఒక గ్లాసు నీళ్ళు పట్టవు. అయినా ఆమెకు అది కావాలి. పందెం నియమం ఏమిటంటే, జంటలో ఇద్దరూ గీత దాటాలి, రెండోవాళ్ళు దాటిన క్షణమే లెక్క. అంటే ఆమె గాలిలో ఎగిరొచ్చినా, కప్పు హారన్ గారి కాళ్ళలో ఉండేది. ఆయన శక్తి ఏమో గొంతులో ఉండేది.

"ఈసారి ఒక్కసారి నోరు మూసుకుని తొక్కండి. ఆ ఊపిరి కాళ్ళకు పోనివ్వండి" అని ఆమె ఒక ఏడాది పందేనికి ముందురోజు బతిమాలింది.

"సరే" అన్నారాయన. మరుసటి రోజు మొదటి మలుపులోనే "రాయి" అన్నారు.

ఆ ఏడాది ఆమె అందరికంటే ముందు గీత దాటింది. కాసేపటికి బేకరీ వదిన వచ్చింది. ఇక ఎవరి మొగుడు ముందొస్తే కప్పు వాళ్ళది. ఆడవాళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎవరి మొగుడి కోసం వాళ్ళు చెట్ల వైపు చూస్తున్నారు. చెట్లలోంచి ముందు కేక వచ్చింది, తర్వాత హారన్ గారు వచ్చారు. ఆయన వెనక చక్రానికి అతుక్కున్నట్టు మాస్టారు. అక్కడి నుంచి గీత దాకా గడ్డి మైదానం. మాస్టారు పక్కకు తీసి, తల వంచి, ఒక్క ఊపులో హారన్ గారిని దాటేశారు.

సరిగ్గా అప్పుడు వెనకబడ్డ హారన్ గారు, తనను ఓడిస్తున్న మనిషిని చూసి, "కుడివైపు గుంత" అని అరిచారు. మాస్టారు ఎడమకు తిప్పుకుని, గుంత తప్పించుకుని, కప్పు గెలిచారు.

"ముందున్నవాడు వెనకవాడికి చెప్పడం పద్ధతి. వెనకున్నవాడు ముందున్నవాడికి చెప్పడం ఏం పద్ధతండీ?" అని ఆమె ఇంటికొచ్చాక అడిగింది.

"గుంత ఉందిగా."

"ఉంటే?"

"పడతాడుగా."

"పడితే మనం గెలిచేవాళ్ళం."

"పళ్ళ డాక్టరు కూడా గెలిచేవాడు" అన్నారాయన. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో ఆయన గొంతు ఒక్కటే వినిపించింది. రాజీ కుదర్చడానికి బేకరీ వదిన కేకు పట్టుకుని వస్తే, హారన్ గారు తలుపు తీసి, "ముందు గడప. దాటాక కోపం" అన్నారు. ఆమెకు నవ్వొచ్చింది గానీ లోపలి గదిలో ఉండి నవ్వింది, బయటికి తెలియనివ్వలేదు. ఆ కప్పు బేకరీ అద్దాల బీరువాలో బన్నుల మధ్య కూర్చుంది. లైబ్రరీకి వెళ్ళేది ఆ వీధిలోంచే కాబట్టి ఆమెకు రోజూ దాని దర్శనమయ్యేది. మళ్ళీ ఏ ఏడాదీ వాళ్ళ జంట గెలుపుకు అంత దగ్గరి దాకా రాలేదు.

హారన్ గారు పోయాక కొన్నాళ్ళు ఎవరూ కొండ ఎక్కలేదు. తర్వాత ఒక ఆదివారం వదిన ఫోను చేసి, "ఊరికే వచ్చి వెళ్ళమ్మా, తొక్కకపోయినా సరే" అంది. ఆమె వెళ్ళింది. వెళ్ళాక తొక్కకుండా ఉండలేకపోయింది. వదినా, పళ్ళ డాక్టరూ మోకాలి కబుర్లలో పడి ముందే దిగిపోయారు. మిగిలింది ఆమె, మాస్టారు.

ఆమె ఎప్పటిలాగే వేగంగా దిగడం మొదలుపెట్టింది. కొండ అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకు తెలియదు. రెండో మలుపు దాటిందో లేదో వెనక దబ్బుమని చప్పుడు. తిరిగి చూస్తే మాస్టారు పొదలో ఉన్నారు, సైకిలు ఆయన మీద ఉంది.

"చెప్పొచ్చుగా చెల్లెమ్మా" అన్నారు పొదలోంచే.

"ఏం చెప్పాలి?"

"రాయి ఉందని."

"అంత పెద్ద రాయి మీకు కనపడలేదా అన్నయ్యా?"

ఆమె సైకిలు ఎత్తి పక్కన పెట్టి, మాస్టారి మోచేతి మీద మట్టి దులిపింది. ఆయన చెట్ల వైపు చూస్తూ, "కనపడదు" అన్నారు.

"అంటే?"

"కళ్ళలో ఏదో ఒత్తిడట. చూపులో కింది సగం పోయింది. ఎదురుగా నువ్వు కనిపిస్తావు, చెట్లు కనిపిస్తాయి, నేల కనిపించదు. ఇప్పటిది కాదు, ఎన్నో ఏళ్ళయింది. మందులతో అక్కడికి ఆగింది."

"అందుకేనా కంచం గడ్డం దగ్గర పెట్టుకుని తింటారు?"

"మరి. మీ వదిన అదేదో దర్జా అనుకుంటుంది."

"వదినకి తెలీదా?"

"తెలిస్తే ఆ సాయంత్రానికే సైకిలు అమ్మేస్తుంది. నీ మొగుడికి ఒక్కడికే తెలుసు. నేను ఓసారి పడి, చైను ఊడిందని చెప్పాను. వాడు చైను చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. అందరూ వెళ్ళాక అడిగాడు. రోడ్డు మీద తొక్కనని మాట తీసుకున్నాడు. కొండ మీద మాత్రం నా వెనకే రా, నేను చెబుతుంటా అన్నాడు."

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ప్రతి రాయికీ అరిస్తే అందరికీ అనుమానం రాదా బావా అన్నాను. అందరి దగ్గరా అరుస్తాలే, అప్పుడెవరూ పట్టించుకోరు అన్నాడు."

"ఆసుపత్రిలో కూడానా?"

"ఆసుపత్రిలో, లైబ్రరీలో, మా పెరట్లో."

"మా ఇంటి గడపకి కూడానా?"

"నీ దగ్గరే ముఖ్యం అన్నాడు. మా ఆవిడ పుస్తకాలు చదివిన మనిషి, ఒక్క చోట ఆపితే ఇట్టే పట్టేస్తుంది అని. మొదట్లో చాలా ఇబ్బందిపడ్డాడు, మొహమాటస్తుడు కదా. తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా అరుస్తున్నాను బావా అని ఒకసారి దిగులుపడ్డాడు కూడా."

ఆమెకు నవ్వూ మరేదో కలిసి వచ్చాయి. నవ్వునే ముందు రానిచ్చింది.

"మరి ఆ పందెంలో ఆయన్ని ఎందుకు దాటారన్నయ్యా?"

మాస్టారు బడిలో దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకున్నారు. "గడ్డి కదా, గుంతలుండవనుకున్నా. కప్పు ఎదురుగా కనిపించింది. కాళ్ళు ఆగలేదు. తర్వాత నీకు నిజం చెప్పేస్తానంటే వద్దన్నాడు. మా ఆవిడ తిట్లు నాకు అలవాటే, నీకు సైకిలు లేకపోవడం అలవాటు లేదు బావా అన్నాడు."

"ఇవాళ ఎందుకొచ్చారు మరి, చెప్పేవాళ్ళు లేకుండా?"

"ఆఖరుసారి మెల్లగా దిగి మానేద్దామని. నువ్వు మెల్లగా దిగే మనిషివా?"

ఆమె లేచి బట్టలు దులుపుకుంది. "వదినకి మీరే చెప్పాలి. ఈ వారంలోనే. అప్పటిదాకా ఆఖరుసారి అనకండి. లేవండి, నా వెనకే రండి."

అరవడమంటే ఏముంది అనుకుంది. ఉంది. రాయి కనిపించాలి, దాని పేరు నోటికి రావాలి, ఈలోగా తను దాన్ని తప్పించుకోవాలి, వెనకవాడు తప్పించుకునేంత ముందుగా చెప్పాలి, అంతలో ఇంకో రాయి. "వేరు" అంది ఒక చోట.

"దాటేశాం చెల్లెమ్మా. దాటాక చెబితే వార్త అవుతుంది."

వేగం తగ్గించింది. అయినా ఎడమకీ కుడికీ మధ్య నాలుక తడబడింది. ఇంకా తగ్గించింది. సగం కొండకే గొంతు ఎండిపోయి, ఊపిరి అందక, కాళ్ళు పట్టేశాయి. కిందికి చేరేసరికి పెరట్లో టీలు అయిపోయి, వదిన గిన్నెలు కడుగుతోంది.

"ఏమైపోయారు ఇంతసేపూ?" అంది వదిన లోపలి నుంచి.

ఆమె పిండి బస్తా మీద కూలబడి, సీసాలో నీళ్ళన్నీ తాగి, మూత పెట్టబోయి ఆగింది. ఇంత అరుస్తూ, ఇంత కొండా దిగుతూ, ఆయన ఎప్పుడూ తన తర్వాత మూత పెట్టేంత సేపటికే ఎలా వచ్చేవారు?

ఆమె మాస్టారి వైపు వంగి గొంతు తగ్గించింది. "అన్నయ్యా, నిజం చెప్పండి. అరవకుండా ఒక్కడే దిగితే ఆయన నాకంటే స్పీడా?"

మాస్టారు తన కోసం ఉంచిన, చల్లారిపోయిన టీ కప్పును గడ్డం దాకా ఎత్తి, అందులోకి చూశారు.

"అది కూడా చెప్పొద్దన్నాడమ్మా."