పోస్టరు మీది బూట్లు

మా చిన్నబాపు, అంటే బాబాయి, పురుగుమందు తాగి చనిపోలేదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. అయినా ముప్పై ఏళ్లు నోరు విప్పలేదు.

మొన్న భైంసాలో పురుగుమందుల దుకాణం ముందు ఆ ఘాటు వాసనకు ఆగి చూశాను. గోడ మీద చిన్నప్పుడు ఆయనతో కలిసి చూసినలాంటి పోస్టరే: నవ్వుతున్న రైతు, కింద చేతి తొడుగులు, మాస్కు, బూట్ల బొమ్మలు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దుకాణంలో పోస్టరు చూపించి "ఏం రాసిండ్రు బిడ్డా?" అని చిన్నబాపు అడిగాడు. ఇంగ్లిషు రాదనడానికి సిగ్గేసి, "మందు కొంటే ఇవన్నీ ఫ్రీ" అన్నాను. ఆయన నిజంగానే దుకాణదారును బూట్లు అడిగాడు.

"బూట్లేంది, కారు గూడ ఇస్తరు పో!" అని దుకాణదారు నవ్వాడు.

చిన్నబాపు వట్టి కాళ్లతో, వట్టి చేతులతో పత్తికి మందు కొట్టాడు. చేన్లో నేను ఆయన వెంటే ఉన్నాను. మందుతో ఆయన ఒళ్లంతా తడిసింది. సాయంత్రానికి నురగలు కక్కాడు. మర్నాటికి లేడు.

ఆ పొద్దున భార్యతో, మా చిన్నమ్మతో, గొడవపడ్డాడు కాబట్టి తాగాడని ఊరంతా అంది. చిన్నమ్మా నమ్మింది. తర్వాత బడిలో సారు ఆ బొమ్మల అర్థం చెప్పినప్పుడు తల దించుకున్నాను.

నిన్న ఆమె ముందు కూర్చున్నాను. "చిన్నమ్మా, ఆయన నీ మాటకు తాగలే, కొట్టిన మందే ఒంటికెక్కింది. బూట్లు, తొడుగులు తొడుక్కొని మందు కొట్టాలని దుకాణం పోస్టరు మీద బొమ్మలేసిండ్రు, నేనే తప్పు చెప్పిన. నింద నీమీద పడ్డా ఊకున్న. నన్ను మాఫ్ చెయ్యి."