మా నాయనమ్మ చుట్ట, రష్యావాళ్ళ వెర్స్టు

మైలురాళ్ళు పీకేసి కిలోమీటరు రాళ్ళు పాతుతున్న రోజులవి. మా విజయనగరం వైపు కొన్ని రోడ్లమీద పాత రాయీ కొత్త రాయీ పక్కపక్కనే నిలబడి చెరో లెక్క చెబుతుంటే, జనం రెండింటినీ నమ్మడం మానేసి ఎప్పటిలాగే నడుచుకుపోయేవారు. నేను మాత్రం వెర్స్టుల్లో ఆలోచించేదాన్ని. నవ్వకండి. వ్యానులో పుస్తకాలు తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర తెలుగులోకి వచ్చిన రష్యా కథలు కొనుక్కుని (అట్ట దళసరి, ధర చవక) అన్నం చల్లారిపోతున్నా లేవకుండా చదివేదాన్ని. ఆ కథల్లో ప్రతివాడూ మంచులో పదేసి వెర్స్టులు బండి తోలుకుపోతుంటాడు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘వెర్స్టు: పాత రష్యా కొలత, కిలోమీటరు కంటే కాస్త ఎక్కువ’ అని ఉండేది. ఇంకేం! టీచరు ట్రైనింగు పూర్తయి ఇంట్లో ఊరికే కూర్చున్న ఇరవై ఏళ్ళదాన్ని, కాలు ఒకచోట నిలవనిదాన్ని. పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళినా అది వెర్స్టులో ఎన్నోవంతో లెక్క వేసుకునేదాన్ని.

కాలు నిలవకపోవడానికి కారణం లేకపోలేదు. సాలూరులో మాకో బావ. లారీల మనిషి. చెడ్డవాడేం కాదు గానీ నోరు తెరిస్తే టైర్లు. మా ఇంటికొచ్చి పీటమీద కూర్చుని, వడ్డించిన అప్పడం చూసినా టైరే గుర్తొచ్చేది ఆయనకి. “ఉద్యోగం వస్తే సరే, లేకపోతే మాఘమాసంలో పెళ్ళి” అని నాన్న తేల్చేశాడు. నా అదృష్టం, ఒక పల్లెటూరి బళ్ళో వేశారు. ఫలానా రోజు మధ్యాహ్నం గంట కొట్టేలోగా వచ్చి చేరాలి, లేదంటే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. తీరా ఆ రోజుకి నాన్నకి జ్వరం. “నానున్నాను కదేటి, నానెల్తాను” అని నాయనమ్మ చుట్టలు సర్దుకుంది.

మా నాయనమ్మది అడ్డపొగ. అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, నిప్పులేని కొస బయటికి ఉంచి పీల్చడం. మా వైపు ఆడవాళ్ళకి అది మామూలే (కొత్తవాళ్ళు చూస్తే గుండె ఆగుతుంది). రామతీర్థం దాటాక బస్సు మమ్మల్ని ఒక టీ కొట్టు దగ్గర దింపి పోయింది. ఊరెంత దూరమని కొట్టతన్ని అడిగాం. “ఎంతో కాదమ్మా, రెండు సుట్టల దూరం. ఇలా తిన్నగా పోండి” అన్నాడు. ఒక చుట్టకి వెర్స్టున్నర, రెండు చుట్టలకి మూడు వెర్స్టులు అని నేను మనసులో తేల్చేశాను. నాయనమ్మ ఆ పొయ్యిలోనే మొదటి చుట్ట ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని, “నడు” అంది.

ఎండ. మనిషన్నవాడు లేడు. నేను ముందు పరుగు, వెనక్కొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగడం, మళ్ళీ పరుగు. మొదటి చుట్టతో రెండోది ముట్టించిన కాసేపటికి ఎడమచేతివైపు ఒక పెంకుటిల్లు, దాని ముందు జెండాకర్ర కనబడ్డాయి. “నాయనమ్మా, అదే బడేమో!” అన్నాను. ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి చూసుకుంది. “ఇంకా సగం ఉన్నాది. అప్పుడే ఊరెలాగొస్తాదే గుంటా?” అంది. ఆవిడంటే సరే, నా తెలివికేమొచ్చింది? నా లెక్క ప్రకారమూ ఇంకో ముప్పావు వెర్స్టు మిగిలే ఉంది! చుట్టా రష్యా ఏకమయ్యాక ఇంక కళ్ళతో పనేముంది? జెండాకర్ర దాటి దర్జాగా ముందుకి పోయాం.

రెండో చుట్ట అయిపోయింది. ఊరు లేదు, ఒక్క ఇంటికప్పయినా లేదు. ఒక పొలంలో ఒకాయన దున్నుతున్నాడు. గట్టుమీంచి “బాబూ, బడెక్కడ?” అని కేకేశాను. పలకడే! “సాలు మద్దిలో నాగలి ఆపరే, కొసకి పోనాక సెప్తాడు” అంది నాయనమ్మ. అంతవరకూ ఆగే ఓపిక నాకెక్కడిది? కొత్త చీర ఎత్తి పట్టుకుని, చెప్పులు మట్టిలో కూరుకుపోతుంటే, ఎడ్లతో సమానంగా నడిచాను. కళ్ళముందు టైర్లు దొర్లుతున్నాయి. కొసకి చేరి, ఎడ్లని మళ్ళించి, అప్పుడు నోరు విప్పాడు మహానుభావుడు. “ఎనకే ఉండిపోనాది తల్లీ. జెండాకర్ర సూడలేదేటి?”

“రెండు సుట్టలన్నాడు కదా ఆడు!” నాయనమ్మ గట్టుమీంచే దెబ్బలాటకి దిగింది.

ఆయన ఆవిడ పెదాలమధ్య ఉన్న పీక చూసి విరగబడి నవ్వాడు. “ఓలమ్మా! ఆడు సెప్పింది మగోల సుట్ట. నీ అడ్డపొగ సుట్ట కాలేసరికి సాలూరు వస్తాది!”

(చాలా ఏళ్ళకి ఎక్కడో చదివాను. వెర్స్టు అన్న మాట ‘తిరగడం’ అన్న మాట నుంచే పుట్టిందంటారు. నాగలి పొలంలో బయల్దేరి, కొసకి పోయి వెనక్కి మళ్ళేదాకా నడిచే దూరమట. ఒకప్పుడు అక్కడా పొట్టి వెర్స్టులు, పొడుగు వెర్స్టులు ఉండేవట. చదివి ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. అసలు వెర్స్టు ఏమిటో చీర కుచ్చిళ్ళు పట్టుకుని నడిచి చూసినదాన్ని కదా!)

ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. పొలాలకి అడ్డంపడి పరుగెత్తాం. బడి గేటు దగ్గరికొచ్చేసరికి హెడ్మాస్టరుగారు వేలాడదీసిన రైలుపట్టా ముక్క ముందు ఇనుపకడ్డీ ఎత్తి పట్టుకుని, గోడ గడియారం వైపే చూస్తున్నారు. అరుగుమీది బెంచీ మీద తలకి నూనె రాసుకున్న ఒక కుర్రాడు, నా తర్వాతివాడు, అప్పుడే సగం లేచి నిలబడ్డాడు. ఇంతలో వెనకనించి నాయనమ్మ కేక. “బాబూ! నిప్పుందేటి?”

మా వైపు పెద్దవాళ్ళు చుట్టకి నిప్పడిగితే ఎవరూ కాదనరు. హెడ్మాస్టరుగారు కడ్డీ కిందపెట్టి జేబులు తడుముకుని అగ్గిపెట్టె తీశారు. మొదటిపుల్ల గాలికి ఆరిపోయింది. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టబోయి ఆవిడే ఆర్పేసింది. ఆ సందులో నేను అరుగెక్కి, ఉద్యోగం ఆర్డరు బల్లమీద పెట్టి, “వచ్చానండీ” అన్నాను. తర్వాతే గంట మోగింది. పాపం, ఆ కుర్రాడు మళ్ళీ కూలబడ్డాడు.

సాయంత్రం బస్సుకోసం టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు నాయనమ్మ రొంటినించి చుట్టతోపాటు అగ్గిపెట్టె తీసింది. నిండా పుల్లలే! “ఇదుండగా ఆయన్నెందుకడిగావు?” అన్నాను. “నా సుట్టవల్లే కదే ఆలీసం అయినాది. నా సుట్టే తీర్సాలి” అంది. ఆవిడ భుజం మీద తల పెట్టేశాను, పొగ కంపు కొడుతున్నా సరే.

ఇప్పుడు నేను అప్పటి ఆవిడ కంటే పెద్దదాన్ని. మోకాళ్ళు అరిగినా కాలు నిలవని గుణం పోలేదు. కారెక్కగానే “ఇంకెంత దూరం?” అని మొదలెడతాను. మనవరాలు ఫోను చూసి కిలోమీటర్లు చెబుతుంది. “ఎవరి చుట్టతోనే?” అంటాను. అది విసుక్కుంటుంది. ఎండలో ఒక ముసలిదాన్ని చెయ్యి పట్టుకుని లాగుతున్న ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొచ్చి, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంటాను.