పంతొమ్మిది రోజుల మీనరాశి

నేను ఈ జీవితంలో పంతొమ్మిది రోజులపాటు మీనరాశివాణ్ణి. అంతకుముందు ఏ రాశివాణ్ణో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ తరవాత ఏ రాశివాణ్ణో నూజివీడులో అందరికీ తెలిసింది. మధ్యలో నేను చేసిన ఘనకార్యం వల్ల నా పెళ్ళి పీటలదాకా రాకుండానే పెటాకులు కాబోయింది. ఎలాగో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అష్టగ్రహ కూటమి వచ్చి లోకం మునిగిపోతుందని అందరూ హడలిపోయి, తీరా మునగకపోయిన ఏడాది పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇది ఆ మరుసటి ఏటి మాట. రెడ్డిగూడెంలో మా నాన్నకు చిన్న పచారీ కొట్టు ఉండేది. నా ఎస్సెల్సీ అయ్యాక నన్ను నూజివీడులో కోటయ్య మామయ్య మామిడి మండీకి పంపారు. మామయ్య అంటే మా అమ్మకు దూరపు అన్న వరస. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, రైలుకెక్కే బుట్టలకు కట్టే అట్టముక్కల మీద ఊళ్ళ పేర్లు రాసే పని ఇచ్చాడు.

మామయ్య కూతురు వరలక్ష్మి రోజూ మజ్జిగ చెంబు తెచ్చి నా రాత చూసి పోయేది.

"బావా, కలకత్తాకి ఆ ఒత్తు అంత పొడుగెందుకు? కాయలు దానికి వేలాడదీస్తావా?"

ఇలాంటి మాటలు విన్నవాడు నొచ్చుకోవాలి. నేను మర్నాడు ఒత్తు ఇంకాస్త పొడుగ్గా రాసేవాణ్ణి. ఆ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. ఆ అమ్మాయికి నేనంటే ఇష్టమని అనుమానం. మామయ్యకు అభ్యంతరం లేదు. చిక్కంతా మామ్మతోనే.

మామ్మ అంటే మామయ్యగారి తల్లి. చదువు రాదు, కానీ గ్రహాలన్నిటితోనూ ఇరుగుపొరుగు పరిచయం. లోకం మునగకపోయేసరికి అందరికీ జ్యోతిషం మీద నమ్మకం తగ్గితే, ఆవిడకి పెరిగింది. "మేం పూజలు చేయబట్టే ఆగింది" అనేది. మనవాళ్ళు రాశి అంటే మామూలుగా చంద్రుణ్ణి చూస్తారు కదా, మామ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. "చంద్రుడు రెండ్రోజులకోసారి ఇల్లు మారతాడు, అద్దెకున్నోడిలాగా. వాణ్ణేం నమ్ముతాం? సూర్యుడైతే నెల్లాళ్ళు ఉంటాడు" అని తేల్చేసేది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో పంచాంగం అక్కర్లేకుండా తోట చూసి చెప్పేది. ధనుస్సులో పూత మొదలు, మీనంలో పిందె, మేషంలో టెంక, వృషభంలో రసం. ఈ లెక్క బాగా గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

వరలక్ష్మికి చింతలపూడి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడికి బియ్యం మిల్లు ఉంది, మీసం ఉంది, అన్నిటికీ మించి అసలు సిసలు జాతకం ఉంది. ఉగాది వెళ్ళిన నాలుగో రోజున మామ్మ నన్ను పిలిచింది.

"ఏరా సుబ్బారావూ, మా పిల్లని నీకిమ్మని మీ మామయ్య నస పెడుతున్నాడు. నీ జాతకం ఏది?"

"ఊళ్ళో ఉంది మామ్మా, తెప్పిస్తాను."

"గురుబలం ఉందా?"

"ఓ, కావలసినంత!"

"ఎల్లుండిలోగా చూపించు. లేకపోతే చింతలపూడి వాళ్ళకి కబురు పెట్టేస్తాను."

నాకు జాతకం లేదండి. మా నాన్న రాయిద్దాం రాయిద్దాం అంటూ ఇరవై రెండేళ్ళు గడిపేశాడు. నా పుట్టుకకు సంబంధించి లోకంలో ఉన్న కాగితం ఒక్కటే, బడి సర్టిఫికెట్. అందులో మార్చి పద్దెనిమిది అని ఉంది. బస్టాండులో పల్చటి జ్యోతిషం పుస్తకం ఒకటి కొని తెరిచి చూద్దును కదా, ఆ తేదీకి సూర్యుడు మీనంలో ఉంటాడట! మీనానికి అధిపతి గురుడట! సూర్యుడికీ గురుడికీ ప్రాణస్నేహమట! మీనంలో సూర్యుడున్నవాడు శాంతమూర్తి, దానశీలి, అబద్ధమాడడు అని అచ్చేసి మరీ ఉంది. అచ్చం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే అనిపించింది.

మా ఊరి బళ్ళో నాతో చదువుకుని అదే మండీలో బుట్టలు కుట్టే వెంకన్నకు ఈ మాట చెబితే, వాడు తాపీగా, "నాదీ అదే తేదీ రా" అన్నాడు.

"నిజంగానా?"

"మనతో చదివిన రాములుగాడిది కూడా అదే."

ఇక్కడ బుద్ధున్నవాడు ఆగి ఆలోచిస్తాడు. నేనూ ఆలోచించాను. గురుడు మా రెడ్డిగూడెం మీద ప్రత్యేకమైన దృష్టి పెట్టాడని తేల్చుకుని పనిలో పడ్డాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అలాగ తిథి లేదు వేళ లేదు, రాశి పేరు మీనం!

పన్నెండు గళ్ళు గీశాను. రవిని మీనంలో పెట్టాను. స్నేహితుడు కదాని గురుణ్ణి పక్కనే కూర్చోబెట్టాను. మిగతావాళ్ళని బుట్టలో కాయలు సర్దినట్టు ఖాళీ ఉన్నచోటల్లా సర్దాను. రాహుకేతువులు ఎప్పుడూ ఎదురెదురు ఇళ్ళలోనే ఉండాలని పుస్తకం ఆఖరి పేజీలో ఉందట, నేను అక్కడిదాకా చదవలేదు. ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టాను. నాలుగు మూలలా పసుపు రాసి, పాతదిలా కనబడాలని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

మామ్మ దాన్ని వరలక్ష్మి చేత చదివించింది.

"మీనంలో రవి, గురుడు..." అని మొదలుపెట్టి గబగబా చదువుకుపోతున్న పిల్ల ఒక్కచోట ఆగిపోయింది. కాగితం మీంచి కళ్ళెత్తి నావంక చూసింది. మామ్మ పెంపకంలో పెరిగిన పిల్లకి రాహుకేతువుల కాపురం సంగతి తెలియదా?

"ఏం, ఆగిపోయావే?" అంది మామ్మ.

"పసుపు అంటుకుంది మామ్మా, కనపడట్లా" అని కాగితంలో ఆ గది దాటేసి పక్కగది చదువుకుంటూ పోయింది. నా అనుమానం ఆ పూటతో తీరిపోయింది. ఆ సంతోషానికి ఆ రోజు కలకత్తాకి రెండు ఒత్తులు పెట్టాను.

మామ్మకు కావలసింది దొరికింది. "మేషం తల, మీనం పాదాలు. మీనంలో సూర్యుడుండగా పుట్టినోడి కాలు పిందెకి మహా మంచిదిరా! చెప్పులిప్పి పద తోటలోకి" అంది. ఆ ఏడు పూత మీదే మామయ్య కాపు కొనుక్కున్న తోట ఊరి చివర ఉంది. ఎండలో వట్టికాళ్ళతో చెట్టు చెట్టుకీ ప్రదక్షిణం చేయించింది. మామిడి చెట్ల మీది ఎర్రచీమల గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మూడో వరసకు వచ్చేసరికి శాంతమూర్తిగారు పంచె ఎగదోపుకుని గంతులు వేస్తున్నారు.

"ఏంట్రా ఆ గెంతులు?"

"ఆనందం మామ్మా!"

అలా ఒకరోజు కాదు, రోజు విడిచి రోజు. పైగా గురువారాలు పసుపుపచ్చ చొక్కా, నానబెట్టిన శనగలు, ఉప్పులేని కూడు. విచిత్రం ఏమిటంటే ఆ ఏడు పిందె నిలిచింది. గాలి కొట్టలేదు, పిందె రాలలేదు. ఇక చూడండి నా వైభోగం! పక్కవాళ్ళ తోటకి నా కాలు కావాలి, ఎదురింటివాళ్ళ కొత్త గేదె పాకకి నా కాలు కావాలి. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం మానేశాయి. అయినా నేను మానలేదు. పది రోజులయ్యేసరికి ఆ మీనరాశిని నేనే నమ్మేశాను. అద్దంలో మొహం చూసుకుంటే గురుడి పోలిక కూడా కనబడింది.

"పిల్లని నీకే ఇస్తాను" అంది మామ్మ. "అయితే చైత్రంలో సూర్యుడు మీనంలో ఉన్నన్నాళ్ళూ శూన్యమాసం. మేషంలోకి వెళ్ళాక వచ్చే మొదటి గురువారం తాంబూలాలు. మీ అమ్మానాన్నల్ని రమ్మను."

నాన్నకు కార్డు రాశాను. జాతకం సంగతి ఎత్తితే తలూపమని, ఇంకేమీ మాట్లాడొద్దని. అమ్మకేమీ రాయలేదు. పుట్టిన సంగతి కన్నతల్లికి వేరే చెప్పాలా అనుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ ఆలోచన నాకు మళ్ళీ రాలేదు.

గురువారం వచ్చింది. అమ్మా నాన్నా, పెద్దమనిషిగా మా ఊరి బడి పంతులుగారూ బస్సు దిగారు. చాపలు పరిచారు. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు. నాన్న బుద్ధిగా తలూపుతున్నాడు, ఎవరేమీ అడగకుండానే. వరలక్ష్మి తలుపు వెనకాల ఉంది, గాజుల చప్పుడు వినబడుతోంది. ఇంకో పావుగంటలో తాంబూలాలు చేతులు మారాలి. అంతలో మామ్మ అమ్మ పక్కకు జరిగింది.

"ఇంత మంచి కాలున్నవాణ్ణి ఎలా కన్నావని ఊరంతా ఒకటే అడగటం అమ్మాయ్. కాన్పు తేలిగ్గా అయిందా?"

"ఎక్కడ తేలిక పెద్దమ్మా!" అని అమ్మ సంబరంగా మొదలుపెట్టింది. "మా ఇంట్లో ఉన్నది ఒకటే గది కదా. గదినిండా పండటానికి గడ్డిలో రసాలు ముగ్గేసి ఉన్నాయి. ఆ వాసనకి ఒకటే వికారం. వీడు పుట్టాక ఏడాదిదాకా మళ్ళీ రసం నోట పెట్టలా."

మామ్మ తమలపాకుకు సున్నం రాస్తున్న వేలు ఆగిపోయింది.

"ఏం ముగ్గేశారూ?"

"రసాలు."

మేనమామ దగ్గర అమ్మ పుట్టిల్లు సంగతి దాచవచ్చునేమో గానీ, నూజివీడు మామ్మ దగ్గర రసాలు పండే నెల దాచలేము. నేను మధ్యలో దూకాను.

"పునాసకాయలు మామ్మా! కాలంకాని కాలంలో కాస్తాయే, అవి!"

"పునాసేంటిరా?" అంది అమ్మ, నా తెలివికి జాలిపడుతూ. "నిక్షేపంలాంటి చిన్నరసాలు. రోహిణికార్తె ఎండలు. పైగా ఆ రోజు కోతల మీదున్న కూలోళ్ళు రసం తినీ తినీ టెంక మన ఇంటి ముందే వేస్తే మీ నాన్న జారిపడ్డాడు కూడాను."

నాన్న తలూపాడు. అప్పుడైనా ఆపవచ్చు కదా.

"మరి సర్టిఫికెట్లో మార్చి అనుందే!" అని అరిచాను. ఇది మామ్మతో అన్న మాట కాదు. నిజంగానే దిక్కుతోచక అడిగాను.

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "అది నేను వేసిన తేదీ అబ్బాయ్. బళ్ళో చేర్చేటప్పుడు మీవాళ్ళు ఒకళ్ళైనా తేదీ చెబితేనా? ఒకాయన కోతలప్పుడంటాడు, ఇంకొకాయన తుఫాను ముందంటాడు. ఆ ఏడు చేరిన పదకొండుమందికీ ఒకటే తేదీ వేశాను. మా గేదె ఈనిన రోజు. నాకు గుర్తుంటుందని."

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. నవ్వే. నవ్వులాటలా చెబుతున్నాను గానీ, ఆ క్షణాన చింతలపూడి మీసం నా కళ్ళముందు మెదిలి ఏడుపొచ్చినంత పనైంది.

మామ్మ లేచి నిలబడింది. "రసం పండితే సూర్యుడు వృషభంలో. వృషభానికి అధిపతి శుక్రుడు. అంటే ఏంటి? ఇన్నాళ్ళూ దేవతల గురువు పేరు చెప్పి రాక్షసుల గురువు మనిషిని తోటంతా తిప్పానా? కోటయ్యా, ఆ పళ్ళెం లోపల పెట్టు."

మామయ్య పళ్ళెం ఎత్తాడు. అమ్మకు తనేం చేసిందో అప్పుడర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తలుపు వెనకనుంచి మాట వినబడింది.

"మామ్మా, పెళ్ళికి కారకుడు శుక్రుడే అని నువ్వే చెప్పావు కదా?"

మామ్మ తలుపు వైపు తిరిగింది.

"చెప్పాను" అంది. "శుక్రుడి మాట సరే. మరి పిందె ఎలా నిలిచింది?"

"ఈ ఏడు చింతలపూడిదాకా అందరి తోటల్లోనూ నిలిచిందమ్మా" అన్నాడు మామయ్య, పళ్ళెం పట్టుకునే.

"అందరి తోటల్లోనూ వీడు తిరిగాడా?"

"లేదు."

"మన తోటలో తిరిగాడు, నిలిచింది. నాకంతే తెలుసు." మామ్మ నా దగ్గరకొచ్చి వాచిన పాదాలకేసి చాలాసేపు చూసింది. "ఒరేయ్, నువ్వు అబద్ధమాడావు గానీ నీ కాళ్ళు ఆడలేదు. పిల్లనిస్తాను. అయితే ఒకటి. ఏటా సూర్యుడు మీనంలో ఉన్న నెల్లాళ్ళూ తోట ప్రదక్షిణం మాత్రం మానకూడదు. చెప్పుల్లేకుండా."

పళ్ళెం మళ్ళీ కిందికి దిగింది. మామ్మ బతికి ఉన్నంతకాలం, పదమూడేళ్ళు, మీనమాసమంతా ఎర్రచీమలకు నేనే నైవేద్యం. పిందె నిలిచిన ఏడు అది నా పాదాల చలవ, రాలిన ఏడు నేను ఒక వరస వదిలేశాననేది.

ఇప్పటికీ కాగితాల ప్రకారం నేను గేదె ఈనిన రోజునే పుట్టాను. ఆ తేదీతోనే తరవాత ఉద్యోగంలో చేరాను, ఆ తేదీ లెక్కనే విరమించాను. ఏటా మార్చి పద్దెనిమిదిన వరలక్ష్మి నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చి, "పాడి బాగుందా బావా?" అని అడుగుతుంది. అసలు పుట్టినరోజు ఏదో ఎవరికీ తెలియదు గనక, రోహిణికార్తెలో ఇంటికి మొదటి చిన్నరసం వచ్చిన రోజున చేసుకుంటాము.

కాబట్టి పాఠక మహాశయులారా, నవగ్రహాల సాక్షిగా, ముఖ్యంగా నేను ఒకే గదిలో బంధించిన రాహుకేతువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ రాశిలోకీ నా అంతట నేను మారను. ఒకవేళ మారవలసి వస్తే, ముందు మా అమ్మను అడిగి ఆ నెలలో ఏ కాయ పండిందో కనుక్కుని, చెప్పులు వేసుకుని మరీ మారతాను.