మోండా మార్కెట్ మొత్తం ఒక్క మనిషేనట!

జీవితంలో ఒక్కసారైనా కొంప ముంచుకోని మనిషి ఉండడు. కానీ ఎవరి కొంప వాళ్ళు ముంచుకుంటారు. నేను అలా కాదు. నా కొంపతో పాటు మోండా మార్కెట్‌లో సగాన్నీ, ఏ పాపం ఎరుగని మా ఆవిడ పరువునూ కలిపి ఒకే మధ్యాహ్నం ముంచాను. అదీ ఒక వీడియో గేమ్ కోసం. అదీ నేను ఒక్కసారి కూడా ఆడని వీడియో గేమ్ కోసం! కుర్చీ ఉంటే కూర్చుని చదవండి. నవ్వి కిందపడితే నా పూచీ లేదు.

ముందు నా చదువు సంగతి చెప్పేస్తాను, ఎలాగూ మధ్యలో మీరే అడుగుతారు. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడలేదు. ఇద్దరం పెద్దమనుషుల్లా విడిపోయాం. అప్పటి నుంచి మార్కెట్‌లో మా స్టీలు సామాన్ల దుకాణమే నా బడి. అక్కడ నేను నేర్చిన అసలు విద్య గిన్నెలమ్మడం కాదు, మందిని పోగుచేయడం. మా గల్లీలో దీపం వెలగకపోయినా, మోరీ పొంగినా అర్జీలూ గిర్జీలూ ఉండవు. "పోదాం పాండ్రి" అని నేనొక్క కేక వేస్తే చాలు, తక్కెళ్ళు వదిలేసి మరీ జనం నా వెనక ఆఫీసుకు నడుస్తారు. ఆఫీసరు కిటికీలోంచి మందిని చూస్తాడు. సాయంత్రానికి దీపం వెలుగుతుంది. మందికి లొంగని పని ఈ భూమ్మీద లేదని నా నమ్మకం. ఆ నమ్మకానికి మూడిన కథే ఇది.

మా ఆవిడ సుభద్ర వాళ్ళది గోదావరి వైపు. ఎప్పుడో వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డారు. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు ఇంటికి వచ్చేసరికి, కంప్యూటర్ తెర మీద మూసి ఉన్న రైలు గేటును రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఏం చేస్తున్నవే?"

"ఆట ఆడుతున్నానండీ. దీని పేరు 'రైలు గేటు'. నేను గేటు కాపరిని."

"మంచిగుంది. రైలెప్పుడొస్తది?"

"ఇంకా చాలా సేపు పడుతుంది."

"అప్పటిదాంక?"

"ఎదురుచూడాలి."

"గిదేం ఆటనే! అల్వాల్ గేటుకాడ మేమందరం రోజూ ఫుకట్‌కే ఆడుతం గద!"

అంత చులకనగా చూడకండి అంది. నిజమే, ఆ ఆట తీరే వేరు. కాల్పులు లేవు, గంతులు లేవు. గేటు వేయడం, తీయడం, ఆగిన బండ్లవాళ్ళ కబుర్లు వినడం. ఊరంతా చెప్పుకునే ఒక రైలు కోసం ఆట పొడుగునా కాచుకుంటాం. చివరికి ఎక్కడో కూత వినబడుతుంది. తెర నల్లబడుతుంది. ఆట అయిపోతుంది! రైలు వచ్చిందా, రాలేదా? చెప్పరు. దీని మీద ఆటగాళ్ళు రెండుగా చీలిపోయారు. 'ఇది కవిత్వం' అని ఒక ముఠా, 'ఇది జీతం లేని నౌకరీ' అని ఇంకో ముఠా. బిర్యానీలో ఆలుగడ్డ వేయవచ్చా అన్నదాని మీద కూడా మా బస్తీలో ఇంత రగడ జరగలేదు.

ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో ఈ ఆట మీద ఒక వ్యాసం ఉంది. ఉంది అంటే, కప్పు లేచిపోయిన బస్టాపును కూడా ఉంది అంటాం చూడండి, అలా ఉంది. పై వాక్యంలో పొగడ్త, కింది వాక్యంలో తిట్టు, ఆ కింద తిట్టినవాడికి తిట్టు. సుభద్ర దాన్ని బాగుచేయడానికి కొంగు బిగించింది. ఎవరు ఎందుకు మెచ్చారు, ఎవరు ఎందుకు మండిపడ్డారు, ఎక్కడ రాశారు, అన్నీ వెతికి, ఒక్కో మాటకూ ఆధారం తగిలించి, నెలల తరబడి కూర్చింది. మా ఇంట్లో నెట్టు నత్త కాబట్టి మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చి, నా గల్లా పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని రాసేది.

ఇంత కష్టం ఎందుకంటారా? మా మామగారి కోసం. ఆయన రిటైరైన లెక్చరరు. రోజూ పొద్దున్నే ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఆ విజ్ఞాన సర్వస్వం మొదటి పేజీ చదవందే ఆయనకు తెల్లవారదు. "పెళ్ళయిన పిల్లకు ఆటలేమిటే, సిగ్గులేకపోతే సరి" అని ఆయన ఒకసారి అన్న మాట సుభద్ర గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"బాగా కుదిరిన వ్యాసాన్ని మొదటి పేజీలో పెడతారండీ. నాన్న అది చదవాలి. బాగుంది అనుకోవాలి. అప్పుడు, రాసింది నేనే అని చెప్తాను. అంతే నాక్కావలసింది."

ఆ మాట విన్నాక నేను ఊరుకుంటే మొగుణ్ణెలా అవుతాను? సాయం చేద్దామని నా పేరుతో ఒక ఖాతా తెరిచి, వ్యాసంలో ఒక వాక్యం చేర్చాను: 'ఈ ఆట ఎంత మంచిదంటే మా ఆవిడ పొయ్యి మీద పప్పు సుత మరుస్తది.' చాయ్ చల్లారేలోపు ఎవరో తీసేశారు. పక్కన కారణం: ఆధారం లేదు.

"ఆధారం లేదంటడేంది? నేనే ఆధారం! మాడిన పప్పు తిన్నోణ్ణి!"

"మీరు ఆధారం కారండీ. ఎక్కడైనా అచ్చయి ఉండాలి."

"మన పెండ్లి కార్డు మీద నా పేరు అచ్చయింది గద?"

సుభద్ర నన్ను చూసిన చూపుకు మాత్రం ఆధారాలు అక్కర్లేదు.

చివరికి వ్యాసాన్ని మొదటి పేజీకి ప్రతిపాదించింది. ఉత్సాహం ఆపుకోలేక, "వచ్చే వారం మొదటి పేజీ తప్పకుండా చూడండి నాన్నా" అని ఫోన్లో చెప్పేసింది కూడా. చర్చ పేజీలో 'నిదానం' అనే పేరుతో ఉండే ఒక నిర్వాహకుడు పరిశీలించి రాశాడు: 'శ్రద్ధగా రాసిన వ్యాసం. కానీ విమర్శించిన వారి వాదన పలుచగా ఉంది. అది సరిచేసే వరకు నా సమ్మతి లేదు. ఇంకా ఏకాభిప్రాయం రాలేదు.'

"సరిగ్గానే పట్టుకున్నాడండీ. రేపు ఆ భాగం పెంచుతాను" అని సుభద్ర ల్యాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ చివరి మాట దగ్గరే గుండె ఆగింది. ఏకాభిప్రాయం రాలేదట! అంటే ఏమిటి? మంది చాలలేదు. ఓసి పిచ్చిదానా, నెలల తరబడి ఆధారాలు ఏరుకున్నావు కానీ, మందిని పోగుచేసేవాణ్ణి పక్కలో పెట్టుకుని మరిచిపోయావా?

దుకాణం మెట్టు మీద నిలబడి కేక వేశాను. ముందు చాయ్ బండి నర్సింగ్ వచ్చాడు.

"ఏందన్నా, మల్ల మోరీ పొంగిందా?"

"మోరీ కాదు తమ్మీ, మీ వదిన ఇజ్జత్! నిదానం అనేటోడు అడ్డం పడ్డడు."

"యాడుంటడు? బొల్లారమా? బండి తియ్యాల్నా?"

"ఫోనుల ఉంటడు. ఫోను తియ్యి."

పచ్చిమిరపకాయల అనసూయమ్మ గంప దించి వచ్చింది. "గేటంటున్నరు, ఏ గేటు బిడ్డా? మా తమ్ముని ఇల్లు గేటు అవుతలనే."

"ఏ గేటైతేంది అనసూయక్కా, సుభద్ర కోసం రెండు మాటలు రాయాలె."

"నాకు రాసుడు రాదు. నేను చెప్త, నువ్వు రాయి. ఆ పిల్ల బంగారం. మిర్చి కొంటే బేరమాడది. రాసినవా?"

రాశాను. అక్షరం పొల్లుపోకుండా రాశాను. ఆ తర్వాత పూలమ్మేవాళ్ళు, ప్లాస్టిక్ బకెట్లవాళ్ళు, బేరానికి వచ్చి ఇరుక్కున్న ఒక పెళ్ళివారి గుంపు, అందరికీ ఖాతాలు తెరిపించాను. ఫోన్లో డేటా అయిపోయిందన్న ప్రతి మహానుభావుడికీ దుకాణం నెట్టు ధారాళంగా ఇచ్చాను. ఏం రాయాలో తోచనివాళ్ళ కోసం ఒక వాక్యం తయారుచేసి పంచాను: 'ఈ వ్యాసం అద్భుతం, మా అందరి ఓటు సుభద్రమ్మకే.' దాన్ని అందరూ కామా కూడా కదలకుండా అతికించారు. నర్సింగ్ మాత్రం సొంత కవిత్వం కలిపాడు: 'నేను ఈ ఆట ఆడలే, ఈ వ్యాసం చదవలే, గాని ఫుల్ మద్దతు. నిదానం, నీకు దమ్ముంటే చాయ్ బండికాడికి రా.'

ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచిన నడక చూడాలి మీరు! ఎలక్షన్ గెలిచినవాడు కూడా అంత ఛాతీ విరుచుకోడు. తలుపు తీసేసరికి సుభద్ర తెర ముందు నిలబడి ఉంది. కూర్చోలేదు. నిలబడి ఉంది.

"ఏవండీ, అనసూయమ్మగారికి ఖాతా ఎప్పటి నుంచి ఉంది?"

"ఇయ్యాల్టి నుంచే! ఎట్లుంది మన మంది?"

పక్కకు జరిగింది. తెర మీద ఎర్రటి పెట్టెలో ఇలా ఉంది: 'ఒకే వ్యక్తి అనేక మారుపేర్లతో, ఒకే చోటి నుంచి మద్దతు సృష్టించినట్లు గుర్తించాం. సుభద్ర ఖాతాను, ఆమె మారుపేర్లన్నిటినీ నిరోధించాం. ప్రతిపాదనను నిలిపివేశాం.'

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అనసూయమ్మా, నర్సింగూ, బకెట్లవాళ్ళూ, పెళ్ళివారూ, ఆఖరికి నేనూ, అందరం లేమట. అందరం సుభద్రేనట! రోజూ ఆమె రాసే నెట్టు నుంచే మేమందరం ఊడిపడ్డాం కదా మరి.

"గింతేనా? రేపు ఇంకింత మందిని..."

"అక్కడ ఓట్లు లెక్కపెట్టరండీ! వాదన బాగుందా లేదా అని చూస్తారు!" మొదటిసారి ఆమె గొంతు లేచింది. వెంటనే పడిపోయింది. "ఇన్ని నెలల్లో ఒక్క మాట ఆధారం లేకుండా రాయలేదు. ఇప్పుడు నా పేరు పక్కన మోసం అని రాశారు. వచ్చే వారం నాన్న తెరిస్తే ఇదే కనిపిస్తుంది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కింది మా ఆవిడ కాళ్ళతో. ఆ రోజు అన్నం వడ్డించింది, పప్పు మాడలేదు. దానికే భయమేసింది.

నిరోధం పడ్డవాళ్ళు తమ సొంత చర్చ పేజీలో మాత్రం విన్నపం రాసుకోవచ్చట. మరునాడు పొద్దున సుభద్ర లేవకముందే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను: 'నిదానం సార్‌కు యాదగిరి దండాలు. నేను ఎనిమిది ఫేల్. తప్పు నాది, శిక్ష ఆమెకు పడ్డది. మా మార్కెట్ల ఏ పనైనా మందితోనే అయితది, గిది సుత గట్లనే అనుకున్న. అనసూయక్క ఉన్నది, మిర్చి కొనుక్కచ్చి చూపిస్త. నర్సింగ్ దమ్ము మాట వాపస్ తీసుకున్నడు, మీకు చాయ్ ఫ్రీ అన్నడు. నన్ను జిందగీ మొత్తం ఆపుండ్రి, మా సుభద్రను ఇడువుండ్రి. ఆటను తిట్టినోళ్ళ మాటలు సుత మంచిగ రాస్త అన్నది, నేనే రాయనియ్యలే.'

మధ్యాహ్నానికి నిదానం సుభద్ర పేజీలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: 'ఈ యాదగిరి అనే వ్యక్తి నిజంగా వేరే మనిషేనని మీరు చెప్పగలరా?'

సుభద్ర చదివింది. కిటికీ వైపు చూసింది. ఫ్యాను వైపు చూసింది. నా వైపు చూసి, మళ్ళీ కిటికీ వైపు చూసింది.

"గంత సోంచాయించుడేందే? ఉన్న గద ఎదురుంగ!"

"ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు కదండీ, అందుకని" అంది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. తర్వాత రాసింది: 'ఉన్నారండీ. మంచం మీద తడి తువ్వాలే ఆధారం.'

నిదానం తీర్పు ఆ సాయంత్రం వచ్చింది: 'యాదగిరి గారి విన్నపం చదివాక వీరిద్దరూ ఒకరు కాదని తేలిపోయింది. సుభద్ర గారు ఎంత ప్రయత్నించినా ఇలా రాయలేరు. ఆమె నిరోధం తొలగిస్తున్నాను. యాదగిరి గారిది కొనసాగుతుంది.' చదువు రాకపోవడం వల్ల కేసు గెలిచిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

సుభద్ర ఆటను తిట్టినవాళ్ళ భాగాన్ని ఎంత బాగా పెంచిందంటే, చదివాక నాకే ఆ ఆట మీద కోపం వచ్చింది. నిదానం ఒప్పుకున్నాడు. వ్యాసం ఒక వారం ఆలస్యంగా మొదటి పేజీకి ఎక్కింది. ఆ ఆదివారం అల్వాల్ వెళ్ళాం. మామగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చదువుతున్నారు. సుభద్ర గడప దాటలేదు. చదవడం అయింది.

"ఎవరో గానీ చాలా నిష్పక్షపాతంగా రాశారే. ఇంత ఓపిక ఎవరికుందా అని రాసినవాళ్ళ పేర్లుండే వెనక పేజీకి వెళ్ళి చూశాను. నీ పేరుందమ్మా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ఆటేదో నాకూ ఒకసారి చూపించు."

సుభద్ర అప్పుడు గడప దాటింది. సరిగ్గా అప్పుడే ఆయన నా వైపు తిరిగారు.

"వెనక్కి వెళ్ళినవాణ్ణి చర్చ పేజీ కూడా చదివానండీ అల్లుడుగారూ. మిర్చి బేరమాడకపోవడం వ్యాసానికి ఏ రకంగా మద్దతండీ?"

"అది తీసేస్తరు గద మామయ్యా?"

"అక్కడ ఏదీ చెరిగిపోదండీ" అంది సుభద్ర, మహా తృప్తిగా. "ఎప్పటికీ ఉంటుంది."

అవును, ఉంది. ఇంట్లో ఏ శుభకార్యమైనా మామగారు భోజనాల ముందు దాన్ని చదివి వినిపిస్తారు. మిగతా సమయమంతా గేటు కాపలాలోనే ఉంటారు. రైలు వచ్చిందని ఆయన, రాలేదని సుభద్ర. మధ్యలో "మీరేమంటారండీ?" అని నన్ను అడిగితే, "నా దగ్గర ఆధారం లేదు" అని తప్పుకుంటాను.

కనుక పాఠకులారా, మా దుకాణంలోని పెద్ద గంగాళం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట మోరీ పొంగితే తప్ప మందిని పిలవను. ఈ ప్రమాణానికి సాక్షులుగా అనసూయక్కనూ, నర్సింగునూ, బకెట్లవాళ్ళనూ పిలుద్దామని మెట్టు మీదికి ఎక్కి నోరు తెరిచాను కూడా. గల్లా పక్క నుంచి సుభద్ర తలెత్తి చూసింది.

దిగిపోయాను. సాక్షులు లేరు. నేనొక్కణ్ణే, ఒకే పేరుతో, ఒకే మనిషిగా చెబుతున్నాను. నమ్మండి.