కత్తిపీటకు పర్మిట్

అబద్ధమాడి ఇరుక్కునేవాళ్లు లోకంలో కోకొల్లలు. ఎవరూ అడగనంత నిజం చెప్పి, నలభై మంది నోటి దగ్గరి కూడు ఆపినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి. ఆ మహానుభావుణ్ణి నేనే. ఈ ఘనకార్యానికి నాకు కావలసి వచ్చింది మూడంటే మూడు కత్తిపీటలు.

అప్పుడు నేను అబుదాబిలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఉన్న ఒక కట్టడాల కంపెనీలో సామాను కాగితాలు రాసే గుమస్తాను. గూడ్సు రైళ్లు సౌదీ సరిహద్దు దగ్గరున్న గువైఫాత్ దాకా నడవడం మొదలైన కొత్త. మా కంపెనీకి అక్కడ ఒక పని దొరికింది. నలభై మంది మనవాళ్లు, ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్లు, బస్సుల్లో ముందే వెళ్లిపోయారు. వాళ్లతో పాటు మెస్సులో వంట చేసే మస్తాన్ భాయ్ కూడా వెళ్లాడు. ఆయనది కడప. గుండిగలు, పొయ్యిలు, బియ్యం, ఉల్లిగడ్డ బస్తాలు, మొత్తం వంట సామాను ఒక కంటైనర్‌లో రైలెక్కి రావాలి. అది చేరేదాకా వాళ్లందరికీ ఎండు రొట్టె, డబ్బా చిక్కుళ్లే గతి.

బస్సెక్కే ముందు మస్తాన్ భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాజేశం భాయ్, బేస్తవారం రైలుకు సామాను పంపించప్పా. శుక్రవారం అందరికీ పొట్టేలు కూర పెడతానని మాటిచ్చినా."

"ఫికర్ జెయ్యకు భాయ్. కాయితం నా చేతుల వడ్డదంటే పని ఖలాస్" అన్నాను.

ఆ మాట అన్న నోరు నాదే కాబట్టి ఎవర్నీ తిట్టుకోలేను.

ఆ వారమే ఒక సర్క్యులర్ వచ్చింది. సరిహద్దు స్టేషన్‌కు వెళ్లే రైళ్లలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఆయుధాలు గాని, వాటి విడిభాగాలు గాని ఎక్కించకూడదని. దాని మీద మా గుమస్తాలందరికీ సగం పూట శిక్షణ పెట్టారు. మిగతావాళ్లు ఏసీ చల్లదనానికి హాయిగా కునుకు తీశారు. నేను ముందు వరసలో కూర్చుని, "అనుమానం ఉంటే దాచకండి, రాయండి" అన్న ఒక్క వాక్యాన్ని వేదంలా పట్టుకున్నాను. చివర్లో ఒక కాగితం కూడా ఇచ్చారు, శిక్షణ పూర్తయిందని. అసలే కోతి, ఆపై సర్టిఫికెట్.

ఇక సామాను ఫారం నింపడానికి కూర్చున్నాను. అందులో ఒక ప్రశ్న: 'ఆయుధాలు, లేదా ఆయుధాలుగా పనికొచ్చే వస్తువులు ఉన్నాయా?' బుద్ధున్నవాడు 'లేవు' అని కొట్టి, 'వంట సామాను' అని రాసి టీకి వెళ్తాడు. నేను 'ఉన్నవి' అని రాసి, వేరే కాగితం జత చేశాను. కత్తిపీటలు మూడు, మాంసం కొట్టే కత్తి ఒకటి, రోకలి ఒకటి. పక్కన 'సామర్థ్యం' అని ఒక గడి ఉంది. అది తూకం రాయడానికట, తర్వాత తెలిసింది. ఖాళీ వదలడం నాకు చేతకాదు కదా! మాంసం కత్తికి 'ఒక్క వేటుకు పొట్టేలు తొడ' అని రాశాను. రోకలికి 'తల మీద పడితే మనిషి దక్కడు' అని. కత్తిపీటలకు 'దగ్గరికొచ్చిన దేనినైనా' అని. రాసి, ఒకసారి చదువుకుని, నన్ను నేనే మెచ్చుకున్నాను.

గురువారం పొద్దున్నే మా ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేశాడు. ఆయనది హైదరాబాద్.

"రాజేశం, గువైఫాత్‌కు ఏం పంపుతున్నవ్‌రా నువ్వు?"

"వంట సామాను సార్."

"మరి యార్డుల పోలీసులెందుకున్నరు? యల్లా, ఉరుకు!"

ఉరికాను. మా కంటైనర్ ఒక్కదాన్నే మిగతావాటికి దూరంగా నిలబెట్టారు, బడిలో అల్లరి పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టినట్టు. తలుపులు తెరిచి ఉన్నాయి. ముదీర్ చెమటలు తుడుచుకుంటున్నాడు. ఒక ఎమిరాతీ అధికారి నా కాగితం చేతిలో పట్టుకుని, నింపాదిగా చదువుతున్నాడు. ఆయనకు ఉర్దూ బాగానే వచ్చు. మా సంభాషణ మీకు తెలుగులో చెబుతాను.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఇదేమిటి?" అని కత్తిపీటను చూపించాడు.

"దీని మీద కూసుంటం సార్."

"కత్తి మీద కూర్చుంటారా?"

"కత్తి మీద గాదు సార్, పీట మీద. కత్తి ముంగట నిలబడి ఉంటది."

"ఎవరి కోసం?"

"వంకాయ కోసం సార్."

ఆయన వంగి చూశాడు. "మరి ఈ ఎర్ర మరకలు?"

దసరా అయి వారమే అయింది. మా జగిత్యాల పిల్లలు మస్తాన్ భాయ్‌ని అడిగి మరీ కత్తిపీటలకు కుంకుమ బొట్లు పెట్టారు. ఇక్కడ నోరు మూసుకున్నా బతికిపోయేవాణ్ణి.

"దసరాకు ఆయుధాలను పూజ చేస్తం సార్" అన్నాను.

ముదీర్ నెత్తి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మస్తాన్ భాయ్ ఫోన్.

"సామాను బయల్దేరిందా భాయ్? ఈడ పిల్లోళ్లు దోవ చూస్తాండారు."

"పోలీసోళ్లు జర చూస్తున్నరు భాయ్."

"యాందాన్ని?"

"నీ కత్తిపీటను."

"నేనుంటే నిమిషంలో కోసి చూపిస్తుంటి గదప్పా" అన్నాడు పాపం. ఆయన మూడు గంటల దూరంలో ఉన్నాడు. రైలు ఇంకో అరగంటలో కదులుతుంది. ఆ నలభై మందీ డబ్బా చిక్కుళ్ల ముందు కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అధికారి కూడా అదే మాటన్నాడు. "వంకాయ కోసమే అయితే కోసి చూపించు."

మీకొక రహస్యం చెప్పాలి. మెస్సులో కూరలు తరిగే వంతు అందరికీ ఉండేది. నేను ఆఫీసు మనిషినన్న వంకతో మూడేళ్లుగా తప్పించుకు తిరుగుతున్నవాణ్ణి. కత్తి మీద సాము అంటారే, నాకు కత్తిపీట మీద కూర్చోవడమే సాము. ఇస్త్రీ ప్యాంటుతో సిమెంటు నేల మీద చతికిలబడి, పీటను కాలితో తొక్కి పట్టి, బస్తాలోంచి ఒక ఉల్లిగడ్డ తీశాను. చుట్టూ పోలీసులు, రైలు కూలీలు, క్రేను నడిపే పఠాన్. పెళ్లిపీటల మీద కూడా నన్నింత మంది చూడలేదు.

మొదటి ముక్క పడింది. ముదీర్ ఊపిరి పీల్చాడు. రెండోది కూడా పడింది.

"ఏడుస్తున్నావెందుకు?" అన్నాడు అధికారి.

"ఉల్లిగడ్డ సార్" అని, గర్వంగా తలెత్తి ఆయన వంక చూశాను. ఆ చూపులోనే మూడో ముక్కకు బదులు నా చూపుడు వేలు వెళ్లింది.

"అమ్మో!"

నేల మీద నెత్తురు బొట్లు పడ్డాయి. అధికారి ఒకసారి నా వేలు చూశాడు. ఒకసారి నా కాగితం చూశాడు. 'దగ్గరికొచ్చిన దేనినైనా' అని పైకి చదివాడు. అంతసేపూ బిగించుకున్న ముఖం విప్పి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆయనే మందుల పెట్టె తెప్పించి, నా వేలికి కట్టు కట్టాడు. తర్వాత నా జత కాగితాన్ని ఫారం నుంచి ఊడదీసి, కలం తీసి ఫారం మీద సంతకం పెట్టాడు.

"సామాను వెళ్లొచ్చు. ఇది వంట సామానే" అన్నాడు ముదీర్‌తో. "ప్రమాదమల్లా ఈ గుమస్తాతోనే. ఇతన్ని మాత్రం సరిహద్దుకు పంపకండి."

రైలు కదిలింది. శుక్రవారం నలభై మందీ పొట్టేలు కూర తిన్నారు. నేను ఐకాడ్‌లో ఎడమ చెయ్యి పైకెత్తి పట్టుకుని, డబ్బా చిక్కుళ్లు తిన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మచ్చ పడ్డ నా చూపుడు వేలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఏ ఫారంలోనూ అడిగినదానికి మించి ఒక్క ముక్క నిజం రాయను. ఒకవేళ రాయక తప్పని రోజే వస్తే, ఆయుధాల జాబితాలో మొట్టమొదట నా పేరే రాసుకుంటాను.