ఇస్త్రీ చొక్కా

రెజిమెంటల్ బజార్ రోసమ్మ చేతిసంచీలో దువ్వెన, కొబ్బరినూనె సీసా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఉన్నాయంటే ఆ రోజు కొడుకు ఆర్థర్‌కు కోర్టు వాయిదా అన్నమాట. ఎవరో తిడుతున్నట్టు చెవుల్లో గొంతులు వినపడి, వాడొక దుకాణం అద్దం పగలగొట్టాడు. నాలుగేళ్లుగా కేసు తేలదు, వాడు పిచ్చాసుపత్రి దాటడు. మిషన్ బడిలో ఆయాగా ముప్పయ్యేళ్లు పిల్లల తలలు దువ్విన చెయ్యి ఆమెది. కోర్టు వరండాలో కానిస్టేబుల్ పర్వతాలు "జెర జల్దీ కానియ్యమ్మా" అంటుంటే, కొడుక్కి పాపిడి తీసి, చొక్కా తొడిగి, "సారుకు గుడ్మార్నింగ్ చెప్పు బిడ్డా" అనేది.

కిందటి వాయిదాకు కొత్త జడ్జి వచ్చాడు. వాడి జబ్బు గురించి ఆసుపత్రి పంపాల్సిన కాగితం ఎప్పటిలాగే రాలేదు. ఆర్థర్ నవ్వుతూ గుడ్మార్నింగ్ చెప్పాడు. జడ్జి ఎగాదిగా చూసి, "ఇంత శుభ్రంగా ఉన్నాడు, వీడికి పిచ్చేమిటి?" అని జైలుకు పంపించాడు. ఇలాంటివాళ్లను జైల్లో పెట్టకూడదని కొత్త చట్టం వచ్చిందని వకీలు అంటాడు. ఆ కబురు జైలు దాకా పోయినట్టు లేదు. అక్కడ వాడికి ఒక్క మందుబిళ్ల ఇచ్చిన దిక్కు లేదు. నెల తర్వాత ఈ వాయిదాకు పర్వతాలు తీసుకొచ్చేసరికి వాడు చిక్కి సగమయ్యాడు. అయినా అమ్మను చూడగానే, దువ్వమన్నట్టు తల వంచాడు. రోసమ్మ చొక్కా మడత విప్పి, రెండు పిడికిళ్లతో నలిపి, వరండా దుమ్ములో రాసి తొడిగింది. దువ్వెన తియ్యలేదు. వేళ్లతోనే వాడి జుట్టంతా చెరిపింది.

"ఇయ్యాల గుడ్మార్నింగ్ చెప్పకు బిడ్డా" అంది.